టైలరమ్మ వీపు

పంతులమ్మ గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. నడుం దగ్గర పట్టేస్తోందని చెప్పడం ఇష్టంలేక, ఉతికితే కుంచించుకుపోయిందని చెప్పింది. ఆ మాట టైలరమ్మ ముప్పై ఎనిమిదేళ్లుగా వింటూనే ఉంది. ఇన్నేళ్లలో తన ఒళ్లు పెరిగిందని ఒప్పుకున్న మనిషి ఒక్కతీ తగల్లేదు, పాపం గుడ్డలే అన్నీ కుంచించుకుపోయాయి. ఆవిడ కూడా ఎప్పుడూ కాదనదు. ఈ మధ్య వచ్చే గుడ్డలన్నీ ఇంతేనండీ అంటూ టేపు వేసి, లోపలికి మడిచి ఉంచిన కుట్టు విప్పి, రెండో మనిషికి తెలియకుండా అంగుళమున్నర వదిలేస్తుంది.

పంతులమ్మ సంచిలోంచి గౌను తీస్తుంటే దానితోపాటు ఒక దళసరి కార్డు జారి కత్తిరింపు బల్ల మీద పడింది. బడికి పంపారట. పెద్ద హాల్లో బొమ్మల ప్రదర్శన, మీ చెల్లెలివేనటగా అంది. టైలరమ్మ కార్డు చేతిలోకి తీసుకుంది. దాని మీద ఒక ఆడమనిషి వీపు. మట్టి వీపు. మెడ నుంచి తుంటి దాకా ఒంటిమీద నూలుపోగు లేదు.

పంతులమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఈ వీపు నేనెక్కడో చూసినట్టుందండీ," అంది.

ఏ దురుద్దేశమూ లేదు పాపం, మామూలుగానే అంది. టైలరమ్మ మాత్రం అప్పటికే చూసేసింది. మిషను మీద వంగి వంగి మెడ కింద ఎత్తిన బొప్పి. వెన్నుకి అటూ ఇటూ మెత్తబడి జారిన కండ. నడుం ఎడమపక్క, ఇస్త్రీపెట్టె ముక్కంత ముక్కోణపు మచ్చ. ఆ మచ్చ అంచు ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ ముడతపడిందో అది కూడా మట్టిలో దిద్ది ఉంది.

"వీపులన్నీ ఒకలాగే ఉంటాయండీ," అంది టైలరమ్మ.

అది అబద్ధమని ఆవిడకన్నా బాగా తెలిసినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. ముఖం తిప్పుకుని నడిచిపోతున్న మనిషిని వీపు చూసి ఎవరో చెప్పగలదు, చంక కింద ఎంత గుడ్డ పడుతుందో కూడా చెప్పగలదు. పంతులమ్మ వెళ్లాక కార్డుని సుద్దముక్కల డబ్బా కింద పెట్టి, మధ్యలో ఆపిన పని అందుకుంది. ఆస్పత్రి నర్సుల చొక్కాలు. గుడ్డ పరిచింది, అచ్చు పెట్టింది, గీత గీసింది, కత్తెర నడిపింది. నాలుగు చేతులు కత్తిరించాక చూసుకుంటే నాలుగూ ఎడమచేతులే. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు మొదటి వారంలో చేసే తప్పు అది. ఆవిడ చేతిలో జరిగి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. ఆ నాలుగింటినీ మడిచి పక్కన పెట్టింది. కత్తెరని దాని సంచిలో దోపింది. మిషను మీద గుడ్డ కప్పి, పట్టపగలు పదకొండింటికి కొట్టు మూసింది.

చెల్లెలి పనిశాల రెండు వీధుల అవతల, పాత మోటారు షెడ్డులో. ఆ చెల్లెల్ని అందరూ బొమ్మలమ్మ అంటారు. అక్కాచెల్లెళ్లు ఉండేది ఒకే ఇంట్లో, కొట్టు పైన ఉన్న రెండు గదుల్లో. అక్క లేచి వంట చేస్తుంది, చెల్లెలు గిన్నెలు కడుగుతుంది, ఎవరి పనికి వాళ్లు పోతారు. షెడ్డు తాళంచెవి ఒకటి అక్క దగ్గర కూడా ఉంటుంది. బొమ్మలమ్మ పొరుగూరు వెళ్లినప్పుడు మట్టి ఆరిపోకుండా తడిపేది ఆవిడే.

తలుపు తీసే ఉంది. బొమ్మలమ్మ తిరుగుడు పీట ముందు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చెక్క బద్దతో మట్టి గీకుతోంది. పీట మీద నిలువెత్తు మట్టిమనిషి. తొడుగు నడుం దాకా జారి ఉంది. గుమ్మంలోంచి కనిపిస్తున్నది వీపే.

ఆ తొడుగుని టైలరమ్మ చూడగానే గుర్తుపట్టింది. అది కుట్టింది తనే. రెండు నెలల కిందట చెల్లెలు చీటీ మీద కొలతలు రాసుకొచ్చి, పాత గుడ్డలతో, గోనెతో ఒక సంచి కుట్టమంది, ముందు వైపు బొత్తాలు పెట్టమంది. ఛాతీ ముప్పై తొమ్మిది, నడుం ముప్పై ఎనిమిది, తుంటి నలభై మూడు. టైలరమ్మ ఆ చీటీ చదివి, ఎవరే ఈ ధాన్యం బస్తా అని నవ్వింది. చెల్లెలూ నవ్వింది. ఊరందరి కొలతలూ నోటికి వచ్చిన మనిషికి తన కొలతలు తెలియవు. ఎప్పుడూ తీసుకోలేదు. తన బట్టలు పాత గౌను పరిచి, దాని మీద కత్తిరించుకుంటుంది. కుట్టింది సరే, ఆ తరవాత చెల్లెలు ఊళ్లో లేని వారం రోజులూ పొద్దున్నా సాయంత్రం వచ్చి ఆ సంచి మీద నీళ్లు చల్లింది. బొత్తాలు విప్పకు, గాలి తగిలితే మట్టి పగులుతుంది అని చెల్లెలు చెప్పిన మాట ప్రకారం ఒక్క బొత్తం కూడా తియ్యలేదు.

"ఎప్పుడు చూశావే నన్ను," అంది టైలరమ్మ.

బొమ్మలమ్మ వెనక్కి తిరగలేదు. బద్దకి అంటిన మట్టి వేలితో తుడిచి, మళ్లీ అంటించాల్సిన చోట అంటించింది. "ఎప్పుడేమిటి. నీకు తెలీదా."

తెలుసు. కిందటేడు మెట్ల మీద జారి కుడి మణికట్టు, కుడి మోకాలు దెబ్బతిన్నాయి. నలభై రోజులు చెల్లెలే స్నానం చేయించింది. టైలరమ్మ సిగ్గుతో కళ్లు మూసుకుని కూర్చునేది, అదే గొప్ప మర్యాద అన్నట్టు. సబ్బు రుద్దిన చేతులు ఎందుకు అక్కడక్కడా ఆగుతున్నాయో, భుజం ఎముక చుట్టూ ఎందుకు రెండోసారి తిరుగుతున్నాయో అప్పుడు అనుకోలేదు. చెల్లెలికి తనంటే ఇంత ప్రేముందా అనుకుంది. ఒకరోజు కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది, నీళ్లు పోస్తుంటే తెలియదులే అని.

"నీళ్లు పోస్తూ కొలుచుకున్నావన్నమాట."

"కొలవలేదు. చూశాను. నా కళ్లు ఎక్కడ పెట్టుకోమంటావు?" అంది చెల్లెలు. ఆ తరవాత ఆపకుండా చాలా చెప్పింది. పాతికేళ్లుగా పడుచుపిల్లల్ని నిలబెట్టి బొమ్మలు చేశానని, వాళ్ల ఒంట్లో ఇంకా ఏమీ జరగలేదని, ఏం చేసినా కూజాల్లా వచ్చాయని. పని చేసిన ఒళ్లు ఎలా ఉంటుందో ఆ స్నానాల గదిలోనే చూశానని. ఒళ్లంటే ఒళ్లేనని, అందరికీ ఉన్నదేనని, ఇందులో ఇంత రాద్ధాంతం ఏముందని. ముఖం కూడా పెట్టలేదుగా, తల కిందికి వాల్చేశాను, నువ్వని ఎవరంటారు అంది.

"పంతులమ్మ అంది."

బొమ్మలమ్మ చెక్క బద్ద పీట మీద పెట్టేసింది.

"ఆ నడుం మీద మచ్చ పెట్టింది నువ్వు," అంది అక్క. "నీ ఆరేళ్లప్పుడు ఇస్త్రీపెట్టె తెచ్చి అంటించావు. అమ్మకి చెప్పలేదు నేను. ఇప్పుడు ఊరికి చూపించేది కూడా నువ్వేనా?"

చెల్లెలు లేచి నిలబడింది. "నువ్వు మాత్రం? రోజూ నలుగురి ఒళ్లు తడుముతావు. ఎవరి రొమ్ము జారింది, ఎవరి పొట్ట పెరిగింది, అన్నీ నీ పుస్తకంలో ఉన్నాయి."

"వాళ్లు వచ్చి చేతులెత్తి నిలబడతారు. నేను కొలిచేది కప్పడానికి."

బొమ్మలమ్మకి కోపం ఎక్కువైంది. గురువారం పోతమేస్త్రి వస్తాడని, మట్టి మీద సున్నపుపిండి పోసి మూస తీసేస్తాడని, ఒకసారి మూస అయ్యాక నువ్వు కాదు కదా ఎవరూ ఏమీ చెయ్యలేరని చెప్పింది. టైలరమ్మ, అయితే గురువారం లోపలే వస్తాను అంది. వచ్చి ఏం చేస్తావంది చెల్లెలు. పగలగొడతాను. పగలగొట్టు చూద్దాం అంది చెల్లెలు. అక్కడితో మాటలైపోయాయి.

మంగళవారం, బుధవారం ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. అక్క ఒక్క మనిషికి వండుకుంది. చెల్లెలు ఒక్క కంచం కడిగి, రెండోది తొట్టిలో వదిలేసింది. దండెం మీద ఆరేసిన చెల్లెలి చొక్కాలని అక్క అటు చివరికి నెట్టింది; సాయంత్రానికి అక్క గౌన్లన్నీ ఇటు చివర ముద్దగా పడి ఉన్నాయి. మెట్ల దగ్గర ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుని రెండోవాళ్లు దిగేదాకా ఆగారు. తుమ్మితే చిరంజీవ అనేవాళ్లు లేకపోయారు.

కొట్లో మాత్రం టైలరమ్మ పెద్ద కోటు వేసుకుని కూర్చుంది. ఉక్కపోస్తోంది, చెమట వీపు మీదుగా కారుతోంది, అయినా విప్పలేదు. మందుల షాపతను ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి, చలిజ్వరమా అని అడిగాడు. మాత్ర కావాలా అన్నాడు. వీధిలో నలుగురు ఆడవాళ్లు నిలబడి నవ్వుకుంటే అది తన గురించే అనిపించింది. ఎవరైనా లోపలికి వస్తే బల్ల వెనక్కి జరిగి, గోడకి వీపు ఆనించి మాట్లాడింది. అద్దం ముందు నిలబడి కొలతలు ఇవ్వడానికి వచ్చిన పెళ్లికూతురు, ఆంటీ మీరు వెనక నుంచి పట్టుకుంటేనే కదా కొలత సరిగ్గా వస్తుంది అని విసుక్కుంది. నిజమే. వెనక నుంచి చూడటమే తన పని. తనని వెనక నుంచి చూసినవాళ్లు లేరనుకుని బతికింది ఇన్నాళ్లూ. బుధవారం సాయంత్రం నర్సుల చొక్కాలకి మళ్లీ గుడ్డ పరిచి, ఈసారి రెండు కుడి, రెండు ఎడమ అని పైకి అనుకుంటూ కత్తిరించింది.

గురువారం తెల్లారాక చెల్లెలు పిండి బస్తాలు తేవడానికి వెళ్లింది. అది మెట్లు దిగిన చప్పుడు వినగానే టైలరమ్మ కత్తెర తీసుకుంది. తోలుని కూడా కోసే పెద్ద కత్తెర. షెడ్డు తాళం తీసి, తలుపు వారగా వేసుకుని, మట్టిమనిషి ముందుకి వెళ్లి నిలబడింది. తొడుగు మెడ దాకా బొత్తాలు పెట్టి ఉంది. తన బొత్తాలు, తన కాజాలు. వాటిని కత్తిరించడానికి చెయ్యి రాలేదు, అంత చక్కగా కుదిరిన కాజాలు అవి. ఒక్కొక్కటే విప్పింది. తడి గోనె బరువుగా కిందికి జారి పీట చుట్టూ కుప్పపడింది.

ముందు నుంచి చూడటం ఇదే మొదలు. కళ్లు తిప్పుకుంది. మళ్లీ చూసింది. పొట్ట రెండు మడతలు, అవును. రొమ్ములు కిందికి దిగి ఒకటి పక్కకి చూస్తోంది, అదీ అవును. మోకాళ్ల పైన కండ మడతపడి వేలాడుతోంది. పెళ్లికూతుళ్లని పక్కకి తిప్పి అద్దంలో చూపించే తాను, ఎప్పుడూ అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకోలేదు. ఎక్కడ పొడవాలి ముందు? కత్తెర ఎత్తి, భుజం దగ్గర పెట్టబోయింది.

భుజం తప్పుగా ఉంది.

కత్తెర పీట మీద పెట్టి మెడలో టేపు తీసింది. కుడిభుజం ఎత్తు తనకి. ముప్పై ఎనిమిదేళ్లు ఆ చేత్తో కత్తెర ఎత్తి, మిషను చక్రం తిప్పి ఆ పక్క ఎగదన్నింది. గౌను కత్తిరించుకునేటప్పుడు కుడిపక్క పావు అంగుళం ఎక్కువ వదులుకుంటుంది. ఇక్కడ ఎడమది ఎత్తుగా ఉంది. కొలిచింది. పావు అంగుళం కాదు, రెండంగుళాలు. అన్నీ ఎడమచేతులు కత్తిరించిన తనకే నవ్వొచ్చింది. ఇంత చూసి, ఇంత గొప్ప దొంగచూపు చూసి, చివరికి చెల్లెలు కుడి ఎడమలు తారుమారు చేసింది. చెప్తే దాని పరువు హాల్లో అందరి ముందూ పోతుంది.

కానీ టేపు వేసిన చెయ్యి ఊరుకోదు కదా. మెడ గుంట నుంచి నేలకి దారం వేలాడదీసింది, చివర ఇనుప బొత్తం కట్టి. నిలబడ్డ మనిషికైతే దారం రెండు మడమల మధ్య పడాలి. ఇక్కడ ఎడమ మడమ దాటి ఇంకా బయట పడింది. కుడిచెయ్యి పొట్టకి ఆనించుకుని ఉంది, కట్టు లేదు గాని కట్టు ఉన్నట్టే. కుడిమోకాలు వంగి ఉంది, బరువు మొయ్యడం లేదు. ఎడమచెయ్యి పక్కకి లేచి గాలిలో ఉంది, మోచెయ్యి కింద ఏదో ఉండి తీసేసినట్టు. వేళ్లు కూడా దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

టైలరమ్మ తన ఎడమచెయ్యి అలాగే ఎత్తి, అలాగే వాలి చూసింది. వాలగానే తూలి, పక్కనున్న బల్ల పట్టుకుంది.

ఇది మిషను దగ్గర కూర్చునే మనిషి కాదు. ఇది స్నానాల గదిలోంచి బయటికి వస్తున్న మనిషి. ఆ నలభై రోజుల మనిషి.

బయట బండి చప్పుడైంది. తలుపు తోసుకుని బొమ్మలమ్మ వచ్చింది, వెనక భుజం మీద బస్తాతో పోతమేస్త్రి. తొడుగు కింద, కత్తెర పీట మీద. చెల్లెలి ముఖం తెల్లబోయింది. మేస్త్రి బస్తా దించి, పెద్దమ్మగారూ నమస్కారం అన్నాడు. మొదటి పొరలో నీలిమందు కలుపుతానండీ, మూస పగలగొట్టేటప్పుడు నీలం కనబడితే ఒళ్లు దగ్గర పడ్డట్టు, అక్కడ సుత్తి మెల్లగా వేస్తాం అని ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయాడు. టైలరమ్మ మట్టిమనిషికి అడ్డంగా నిలబడి, కాసేపు బయట కూర్చో నాయనా అంది. అతను ఇద్దరి ముఖాలూ చూశాడు. తలుపు కూడా తనే దగ్గరికి వేసి వెళ్లాడు.

"పొడిచావా?" అంది చెల్లెలు.

"లేదు. ఇది నిలబడి లేదే."

"ఏమిటీ?"

"దారం వేసి చూశాను. ఇది దేన్నో ఆనుకుని ఉంది. ఆనుకున్నది నువ్వు తీసేశావు."

బొమ్మలమ్మ వచ్చి చూసింది. ఇంకా వేలాడుతున్న దారాన్ని, కింద బొత్తాన్ని చూసింది. బకెట్టు మీద కూలబడి, అక్కతో కాదన్నట్టు, నేలతో చెప్పింది. రెండు నెలల నుంచి ఆ ఎడమచెయ్యి కుదరడం లేదట. నాలుగుసార్లు కోసి మళ్లీ పెట్టిందట. ఎంత దిద్దినా పడిపోతున్నట్టే ఉందట. చివరికి లోపల మట్టిని నిలబెట్టే ఇనప చువ్వే వంకరేమో అనుకుని వదిలేసి, అందుకే కార్డు మీద వీపు వేయించిందట.

"చువ్వది కాదు తప్పు. ఆ చెయ్యి కింద నువ్వున్నావు," అంది టైలరమ్మ. "అందరి ఒళ్లూ విప్పి నిలబెడతావు. నువ్వు మాత్రం గుడ్డలు కట్టుకుని పక్కకి తప్పుకుంటావు."

బయట మేస్త్రి ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"సరే," అంది బొమ్మలమ్మ చివరికి. "నన్ను కూడా చేస్తాను. అద్దం పెట్టుకుని."

"అద్దంలో చూసుకుంటే మంచిగా చేసుకుంటావు. నేను తీస్తా కొలతలు. విప్పు."

చెల్లెలు నవ్వబోయింది. అక్క నవ్వలేదు. టేపు రెండు కొసలూ పట్టుకుని, కొట్లో నిలబడ్డట్టే నిలబడింది. ఏళ్ల తరబడి ఎంతమందినో ఇటు తిరుగు, చెయ్యి ఎత్తు, ఊపిరి బిగబట్టకు అంటూ ఈ షెడ్డులో నిలబెట్టిన బొమ్మలమ్మ, తన చొక్కా మొదటి బొత్తాన్ని వేళ్లతో వెతుక్కుంది. రెండోది విప్పింది. మూడోది విప్పుతుంటే తలుపు వైపు చూసింది. విప్పిన చొక్కా పొట్టకి అడ్డంగా పట్టుకుంది. టైలరమ్మ అది లాగి బకెట్టు మీద పడేసింది.

"చేతులు దించు. వంగకు, మామూలుగా నిలబడు."

టేపు చల్లగా ఉంటుంది, తగలగానే ప్రతివాళ్లూ ఒకసారి ఉలిక్కిపడతారు. బొమ్మలమ్మ కూడా ఉలిక్కిపడింది. టైలరమ్మ అలవాటు ప్రకారం కొలత తీస్తూ పైకి చదివింది. భుజం పధ్నాలుగున్నర. కుడిది దిగి ఉంది, ముప్పావు అంగుళం. ఛాతీ ముప్పై రెండు. పక్కటెముకలు బయటికొచ్చాయి. చెల్లెలు, గట్టిగా చదవకు, బయట అతనున్నాడు అంది. ఊరంతా కార్డులు వెళ్లాయి అంది అక్క, వెనక్కి తిరగమంది. వెనక్కి తిరిగింది. మెడ వెనక తలపిన్ను గుచ్చుకున్న చోట ఎర్రబడి ఉంది. వీపు సన్నగా, పొడిగా, చిన్నప్పటిలాగే ఉంది. ఒక్క కుడిభుజం మీద మాత్రం చర్మం నున్నగా అరిగి, రంగు మారి ఉంది. అక్కడ టేపు ఆగింది. వేలితో తాకింది. నలభై రోజులు తన బరువు పడిన చోటు అదేనని తెలిసింది. రెండోసారి చుట్టూ తిప్పి చూసింది.

"చాలు," అంది చెల్లెలు. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. "చాలక్కా."

"నలభై రోజులు నేను చాలు అనలేదు."

అని మిగతా కొలతలన్నీ తీసింది. నడుం, తుంటి, తొడ, మోచెయ్యి. ఒక్కటీ వదల్లేదు, తొందరపడలేదు. తీసినవి సుద్దముక్కతో గోడ మీద రాసింది, తన కొలతల చీటీ మేకుకి గుచ్చి ఉన్న చోటు పక్కనే. రాయడం అయ్యాక చొక్కా తీసి చెల్లెలి మీదికి విసిరింది. వంగి, కిందపడ్డ గోనె తొడుగు ఎత్తి, మట్టిమనిషికి తొడిగింది. ఎడమచెయ్యి దగ్గర గుడ్డ లాగుతుంటే అక్కడి కుట్టు విప్పి అంగుళమున్నర వదిలింది. మెడ దాకా బొత్తాలు పెట్టి, చెంబెడు నీళ్లు చల్లింది.

బొమ్మలమ్మ తలుపు తీసి, ఇవాళ పొయ్యడం లేదు మేస్త్రీ, ఇంకోటి కూడా కావాలి, అయ్యాక కబురు చేస్తాను అంది. హాలువాళ్లు ఊరుకోరు మేడమ్, మూడు వారాలే ఉంది, కార్డులు కూడా పంచేశారు అన్నాడతను. ఊరుకోకపోతే ఊరుకోరు అంది. అతను గొణుక్కుంటూ బస్తా మళ్లీ భుజానికి ఎత్తుకున్నాడు.

టైలరమ్మ కత్తెర సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది గాని వెనక్కి తిరగలేదు. కోటు ఇంట్లోనే వదిలి వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పలచటి గౌనులో తన వీపు చెల్లెలికి కనిపిస్తూనే ఉందని తెలుసు. అలాగే నిలబడింది.

"రెండోదానికి సంచి నేను కుడతా. కొలతలున్నాయి," అంది. "వంకరగా చేశావంటే మాత్రం కోసేస్తా."

బయటికి వచ్చి, ఎండలో రెండడుగులు వేసి, తలుపు సందులోంచి ఒకసారి చూసింది. బొమ్మలమ్మ గోడ మీది అంకెల ముందు నిలబడి ఉంది. చొక్కా బొత్తాలన్నీ పెట్టేసుకుంది, మెడ దాకా. అయినా కాలర్ని రెండు చేతులతో దగ్గరికి లాగి పట్టుకునే ఉంది.